అమ్మదలచిన యిల్లు



ఇల్లు కట్టు విధము చెప్పగలవారు మన గ్రామములలో పెక్కురు కలరు. శంకుస్థాపనకు ముహూర్తము పెట్టువారు, గదుల కొలతలు లెక్కగట్టువారు, ద్వారబంధమునకు తగిన కఱ్ఱ యేదో యెఱిగినవారు ఏ యూరికి పోయినను కనబడుదురు. ఇల్లు అమ్ము విధము చెప్పువారు మాత్రము అరుదు. "ఇల్లమ్ముకొన్నాడు" అను మాటలో జాలి కొంత, ఎత్తిపొడుపు కొంత కలసియుండుటయే ఇందులకు కారణమని నాకు తోచును. పూర్వము అప్పులపాలైనవాడే ఇల్లు అమ్మెడివాడు. ఇప్పటి సంగతి వేఱు. కుమారుడు ఉద్యోగమునకై నగరమునకు పడమటి కొసను చేరును. కుమార్తె సముద్రములకు ఆవల స్థిరపడును. వృద్ధ దంపతులకు మేడమెట్లు ఎక్కుట కష్టమగును. అన్నదమ్ములు నడుమ గోడ పెట్టి ఇంటిని రెండుగా చీల్చుటకంటె సొమ్ము చేసి పంచుకొనుట మేలని తలంతురు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. తగిన వెలకు, తగవు మిగులకుండ, ఇంటిని ఎట్లు సిద్ధపఱచి చూపవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

మాటలు గాలిలో పోకుండుటకు ఒక ఊరిని దృష్టాంతముగా తీసికొందును. హైదరాబాదునకు తూర్పున ఉప్పలు, నాచారము దాటి, ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా మీదుగా కీసర వైపు సాగిన దారికి చేరువను దమ్మాయిగూడ యున్నది. ఒకప్పుడది పల్లె. 1967లో ఎలెక్ట్రానిక్సు కార్పొరేషను ఏర్పడిన పిమ్మట, నాచారము, చర్లపల్లి పారిశ్రామిక వాడలు పెరిగిన పిమ్మట, ఉద్యోగులును కార్మికులును ఈ చుట్టుపట్ల నూటయేబది గజములో రెండువందల గజములో కొని ఇండ్లు కట్టుకొనిరి. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు వచ్చినపుడు ఈ యూరు రంగారెడ్డి జిల్లానుండి మేడ్చల్ జిల్లాకు మాఱెను. పంచాయతి పోయి పురపాలక సంఘము వచ్చెను. 2025 చివర మహానగర పాలక సంస్థలో కలిపిన 27 పట్టణములలో దమ్మాయిగూడయు నొకటి. ఒక్క మనుష్యుని జీవితకాలములో పల్లె పట్టణమై, పట్టణము నగరములో కలసినది. అట్టి యూరిలో ఇల్లు అమ్మువాని చిక్కులు, రేపు మన యూళ్లలో అమ్మువారి చిక్కులే.

ఇల్లు అమ్ముటను గూర్చి మన దేశమున చాల పూర్వమే ఆలోచించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణములో ఈ ప్రసక్తి యున్నది. అమ్మబోవు దానిని మొదట జ్ఞాతులు, పిమ్మట ఇరుగుపొరుగువారు, ఆ పిమ్మట అప్పిచ్చినవారు వరుసగా కొనవచ్చును. వారి తరువాతనే బయటివారు. ఇల్లయినచో చుట్టుప్రక్కల నలువది కుటుంబములవారి యెదుట, ఆ యింటి ముందే నిలిచి చాటవలెను. పొలమో, తోటయో, చెఱువో అయినచో గ్రామవృద్ధుల సమక్షమున ఎల్లలు చెప్పి, ఈ వెలకు కొనువారెవరని మూడు మార్లు పిలువవలెను. అడ్డు చెప్పువాడు లేనియెడల కొనువానికి హక్కు కలుగును. ఈ యేర్పాటులోని తెలివిని గమనింపుడు. ఆ నలువది కుటుంబములవారికి ఆ యింటి చరిత్ర యంతయు తెలియును. వానకు ఏ మూల కాఱునో, బావిలో నీరు ఏ నెలలో అడుగంటునో, ఎవరికెంత వాటా కలదో వారియొద్ద దాగదు. కొనువాడు వారి ముఖములు చూచియే సగము సంగతి గ్రహించును.

నేడు దమ్మాయిగూడలో ఇల్లు చూడవచ్చు కొనుగోలుదారు వరంగల్లు వాడు కావచ్చును, శ్రీకాకుళము వాడు కావచ్చును. అతనికి ఇరుగుపొరుగు తెలియరు. ఇరుగుపొరుగునకు అతడు తెలియడు. నాడు నలువది కుటుంబములు చెప్పిన సాక్ష్యమును నేడు ఇల్లే చెప్పవలసియున్నది. కావున అమ్మకమునకు ఇంటిని సిద్ధపఱచుట యనగా సాక్షిని సిద్ధపఱచుట. సాక్షికి స్నానము చేయించి, శుభ్రమైన వస్త్రము కట్టించి నిలబెట్టవచ్చును. అబద్ధము నేర్పి నిలబెట్టినచో ఎదుటివాని రెండవ ప్రశ్నకే తడబడును.

కొనవచ్చినవాడు ఇంటిని లోపల చూడకమునుపే వీధిలో చూచును. ఇల్లు కట్టిననాటి ఇసుక, కంకర, విఱిగిన ఇటుకలు ఇంకను గోడప్రక్కన పడియున్నచో ముందు వానిని ఎత్తివేయింపుడు. మోరీలో పూడిక తీయింపుడు. గేటు బందులకు చుక్క నూనె వేసినచో కిఱ్ఱుమనుట మానును. ఇంటి నంబరు చెఱిగియున్నచో మఱల వ్రాయింపుడు. కుళాయినుండి బొట్లు కాఱుచున్నచో పది రూపాయల రబ్బరు బిళ్ళతో అది ఆగును. ఆగనిచో కొనువాడు ఏమనుకొనునో తెలియునా? కంటికి కనబడుదానినే బాగు చేయనివాడు గోడలోపలి గొట్టములను ఏమి బాగు చేసియుండునని యనుకొనును. ఆ యనుమానము వెలలో వేలకు వేలు తగ్గించును. వాకిట నీళ్ళు చల్లి ముగ్గు పెట్టుట మన యిండ్లలో ప్రతిదినము జరుగునదే గనుక దానిని నేను చెప్పనక్కఱలేదు.

ఇక లోపలి సంగతి. అన్నిటికంటె కష్టమైన పని, ధనము ఖర్చు లేని పనియు ఇదే: ఇంటిని ఖాళీ చేయుట. ముప్పది యేండ్లు కాపురమున్న యింటిలో వస్తువులు గోడలకంటె ఎక్కువ స్థలము నాక్రమించును. అటకమీద ఇత్తడి గుండిగలు, వాని వెనుక విఱిగిన కుర్చీ, దాని వెనుక పిల్లల బడిపుస్తకములు, మంచము క్రింద ఇనుప పెట్టెలు, తలుపు వెనుక పాత వార్తాపత్రికల కట్టలు. "ఎప్పటికైనను పనికివచ్చును" అని దాచినవి యెవరికిని ఎప్పటికిని పనికిరాలేదు. చూడవచ్చిన యిల్లాలు ఆ గదిలో తన మంచము ఎక్కడ పట్టునా, తన బీరువా ఎక్కడ నిలుచునా యని కంటితో కొలుచుకొనును. మన సామాను అడ్డమున్నంతవఱకు ఆమెకు ఆ కొలత దొరకదు. పన్నెండడుగుల గది యెనిమిది అడుగులుగా కనబడును. ఇల్లు అమ్మిన పిదప ఈ సామానును ఎట్లును కదలింపవలసినదే. ఆ పనిని నెల ముందు చేసినచో ఇల్లు పెద్దదగును.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. పట్టణములలో కొందఱు మధ్యవర్తులు గోడలపై పటములన్నియు తీసివేయుమందురు. దినదర్శినులను, మేకులను, చిరిగిన బొమ్మలను తీయవలసినదే. పోయిన పెద్దల పటములను, పూజగదిని అట్లు తీసివేయుడని నేను చెప్పజాలను. ఇల్లు చేయి మాఱునంతవఱకు అది మీ యిల్లే. పూజగదిలో మసి తుడిచి, వాడిన పూలు తీసి, దీపము పెట్టియుంచినచో కొనవచ్చినవానికి అది యభ్యంతరము కాదు సరికదా, ఈ యింట మంచి కాపురము సాగినదను నమ్మకము కలుగును.

వెలుతురు విషయములో మనవారు అశ్రద్ధులు. కిటికీలను మూసి, తెరలు దించి, ఎండకు భయపడి యిల్లంతయు చీకటి చేసికొందురు. కిటికీ అద్దములను పాత కాగితముతో తుడిపింపుడు. కిటికీకి అడ్డువచ్చిన జామకొమ్మనో కరివేపకొమ్మనో నఱికింపుడు. చెట్టును నఱుకవలదు, పెరటిలో కాచుచున్న చెట్టునకు విలువ కలదు. మాడిపోయిన బల్బులు మార్పింపుడు.

ఇప్పుడు గోడల కడకు వత్తము. మన యిండ్లలో కొనువాని కంటబడు దోషములలో మొదటిది చెమ్మ. ఇటుక గోడ దీపపు వత్తివంటిది. వత్తి నూనెను పీల్చినట్లు గోడ నేలలోని తడిని పైకి పీల్చును. ఆ తడితోపాటు నేలలోని లవణములు పైకి వచ్చును. తడి గాలికి ఆరిపోవును, లవణము మిగులును. దానినే మనము గోడకు ఉప్పు పట్టినదందుము. సున్నపు పూతకు చిన్న చిన్న రంధ్రములుండును గనుక తడి దానిగుండ ఆరిపోవును. దానిపై ప్లాస్టికు రంగు పూసినచో తడికి త్రోవ మూసికొనును. అది గోడలోపలనే పైకి ఎగబ్రాకి, రెండడుగుల యెత్తున నున్న మచ్చ నాలుగడుగుల యెత్తున పైకి తేలును, రంగు బొబ్బలెక్కి రాలును. అమ్ముటకు ముందు తొందరపడి చెమ్మగోడకు లప్పము పెట్టి రంగు వేయించు వారు ఒక్క వర్షాకాలము కూడ దాచలేని దానిని దాచుటకు డబ్బు పెట్టుచున్నారు.

చెమ్మకు మూలమెక్కడనో ముందు వెదుకవలెను. డాబామీద నీరు నిలుచుచున్నదా? నీరు పోవు గొట్టము ఆకులతో మూసికొనినదా? అట్లయినచో ఆ ఆకులు తీయుటయే వైద్యము. డాబా పరీక్షింపదలచినచో గొట్టమును గుడ్డతో బిగించి, అంగుళము లోతు నీరు ఒక దినము నిలిపి, క్రింది కప్పును చూడవలెను. స్నానాలగది గోడకు ఆవలివైపున మచ్చయున్నచో గొట్టపు అతుకు వదలియుండును. గోడ అడుగునంతయు వరుసగా తడి యున్నచో బయటి నేలను చూడుడు. క్రొత్త కాలనీలలో సిమెంటు రోడ్డుమీద మఱల సిమెంటు రోడ్డు పోయుటచే వీధి లేచి, ఇరువదియేండ్ల క్రిందట కట్టిన యింటి గడప వీధికంటె దిగువకు పోయిన చోట్లు కలవు. అట్టిచోట గోడకు ఆనియున్న మట్టిని తీసివేసి, నీరు గోడకు దూరముగా వాలునట్లు గచ్చు చేయింపవలెను. మూలము తొలగించిన పిమ్మట గోడ పూర్తిగ ఆరనిచ్చి, అప్పుడు రంగు వేయింపవలెను. తడిసిన గోడ ఆరుటకు వారములు కాదు, నెలలు పట్టును. ఇల్లు అమ్మదలచినవాడు ఎండకాలపు మొదటనే పని మొదలుపెట్టవలసినది ఇందులకే. చెదలు పట్టిన ద్వారబంధముల సంగతియు నిట్టిదే. తొఱ్ఱను లప్పముతో పూడ్చి రంగు వేయుట తగదు. చెదలమందు కొట్టించి, చెడిన కఱ్ఱను మార్పింపవలెను. లేదా ఉన్నదున్నట్లు చూపి ఆ మేరకు వెల తగ్గింపవలెను.

ఈ చివరి మాట ధర్మబుద్ధితో మాత్రమే చెప్పినది కాదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములో 55వ ప్రకరణము కలదు. అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో చూచినను అతనికి కనబడని ముఖ్యదోషమేదైనను ఆస్తిలోగాని, హక్కులోగాని యున్నయెడల అమ్మువాడు దానిని చెప్పితీరవలెను. చెప్పకుండుట మోసమని ఆ ప్రకరణమే యనుచున్నది. కంటికి కనబడు పగులును గూర్చి చట్టము కొనువానినే చూచుకొమ్మనును. లప్పము క్రింద దాచిన పగులు మాత్రము అమ్మువాని మెడకు చుట్టుకొనును. అనగా దోషమును కప్పినకొలది మన బాధ్యత పెరుగును. నూఱేండ్లకు పైబడిన ఈ నియమము తెలియనివారు మనలో చాలమంది.

నీటిని గూర్చి ఇంతకంటె జాగ్రత్త కావలెను. మన తాతలనాటి విక్రయపత్రములను చూచినవారికి అందులో నిధి, నిక్షేప, జల, పాషాణములు మొదలగు అష్టభోగములతో కూడ అమ్మితినని వ్రాయుట జ్ఞాపకముండును. ఇంటితోపాటు నీరును అమ్ముడుపోవునని వారెఱుగుదురు. నేటి కొనుగోలుదారు కుళాయి త్రిప్పి చూచును గాని, ఆ నీరు వైశాఖమాసములో వచ్చునా యని ఆషాఢములో చూడవచ్చినవానికి తెలియదు. బోరు ఎంత లోతు, ఏ సంవత్సరము వేయించినది, ఎండకాలములో ఎన్ని నిమిషములు ఎడతెగక పోయును, ఇవి యొక కాగితముపై వ్రాసి యుంచుడు. ఇరువది లీటర్ల బకెట్టు ఎన్ని క్షణములలో నిండునో కొనువాని యెదుటనే చూపుడు. సంపును, పైతొట్టిని కడిగించి, మూతలు సరిగా బిగించియుంచుడు. నల్లా యున్నచో దాని రసీదు, ఎన్నాళ్ళ కొకమాఱు నీరు వదలుదురో చెప్పుడు.

నీటి గుణమును గూర్చి ఈ చుట్టుపట్ల వారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. దమ్మాయిగూడకు ప్రక్కన జవహరునగరులో హైదరాబాదు చెత్త పోయు స్థలమున్నది. ఆ గుట్టలనుండి ఊరిన మురికినీటివలన మల్కారము చెఱువు పాడైన సంగతి అందఱకు తెలిసినదే. కావున బోరునీరు ఎట్టిదని కొనువాడు అడుగుట న్యాయము. దానికి "మేము ముప్పదియేండ్లనుండి త్రాగుచున్నాము" అనుట జవాబు కాదు. నీటిని పరీక్షాశాలకు పంపి, పత్రము తెప్పించి చేతిలో పెట్టుడు. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లిగ్రాములు మించకుండుట మంచిది. వేఱు నీరు దొరకనిచోట 2,000 వఱకు సహింపవచ్చును. ఫ్లోరైడు 1.5 మిల్లిగ్రాములు దాటరాదు. మీ నీరు త్రాగుటకు పనికిరాక, కడుగుకొనుటకే పనికివచ్చునదైనచో ఆ మాటయే చెప్పుడు. చాలమంది పట్టణవాసులు త్రాగునీరు విడిగా కొనుచునే యున్నారు; వారు బెదరరు. దాచితిరని తరువాత తెలిసినచో మాత్రము బయానా వెనుకకడుగుదురు.

చెత్తగుట్టల వాసనను గూర్చి అమ్మువారు నోరు విప్పరు. ఇది లజ్జాకరమైన విషయమని కాదు, వెల పడునని భయము. పాత గుట్టలపై మట్టి కప్పిరి. 2020 నుండి చెత్తను కాల్చి విద్యుత్తు పుట్టించు కర్మాగారము నడచినది. ఐనను వాన కురిసిన రాత్రి గాలి ఇటు మళ్ళినపుడు వాసన తగులునని అక్కడివారు చెప్పుదురు. కొందఱు తెలివిగలవారు కొనువానిని ఎండ బాగుగానున్న మధ్యాహ్నమే రమ్మందురు, అగరువత్తులు గుప్పున వెలిగింతురు. నా యభిప్రాయము వేఱు. కొనువానిని ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, వీలైనచో ఒక వానదినమున రమ్మనవలెను. మీ వీధికి వాసన తక్కువయైనచో అతడే గ్రహించి సంతోషించును. ఎక్కువయైనచో అది మీరు చెప్పకున్నను టీకొట్టువాడు చెప్పును. అంతేకాక, ఇంటిలో అగరు వాసన మితిమీఱియున్నచో కొనువాడు దాని వెనుక నేమున్నదా యని ముక్కు ఎగబీల్చును.

వఱద మాటయు అట్లే. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టిలో ఈ తూర్పు దిక్కున ఘటకేసరు ప్రాంతమున ఒక్క దినములో 32 సెంటీమీటర్ల వాన పడెను. నాటినుండి ఇల్లు చూడవచ్చు ప్రతివాడును "ఆ సంవత్సరము నీరు వచ్చినదా?" అని అడుగుచున్నాడు. రాలేదన్నచో రాలేదని చెప్పుడు. వచ్చినచో ఎంతవఱకు వచ్చినదో గోడపై చూపి, ఎన్ని గంటలలో తీసినదో చెప్పుడు. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ ఏర్పడి చెఱువులలోని కట్టడములు తీయుట మొదలుపెట్టిన పిమ్మట మఱియొక ప్రశ్న చేరినది: ఇది శిఖము భూమియా, పట్టా భూమియా యని. మీ యిల్లు చెఱువు నిండు నీటిమట్టమునకు బయటనున్నదని చూపు పటమును ముందే తెచ్చియుంచినచో ఆ ప్రశ్న అక్కడనే ఆగిపోవును.

వాస్తువును గూర్చి రెండే మాటలు. కొనువానికి నమ్మకముండును, తన సిద్ధాంతిని వెంటబెట్టుకొని వచ్చును. అమ్మువాడు అందుకై ద్వారములు మార్పించి, మెట్లు పగులగొట్టి ఖర్చుపడుట వృథా. ఒక సిద్ధాంతి చెప్పినది మఱియొకడు కాదనును. ఇట్లే వంటగదిని క్రొత్తరాళ్ళతో నింపుట, స్నానాలగదికి ఖరీదైన పలకలు వేయుట మున్నగునవియు అనవసరము. కొనువాడు వచ్చిన మఱుసటి నెలలోనే వానిని తన యిచ్చకు మార్చుకొనును.

ఇల్లు చూపునాడు మాటలాడువాడు ఒక్కడే యుండవలెను. తండ్రి యొక వెల, కొడుకు మఱియొక వెల చెప్పిన యింట బేరము చెడును. మేడపై అద్దెకున్నవారికి ముందురోజే చెప్పి యుంచుడు. వారి నెత్తిపై క్రొత్తవానిని దింపినచో వారు తమ కష్టములన్నియు అప్పుడే యేకరువు పెట్టుదురు, అందులో వారి తప్పులేదు. కొనవచ్చినవారు గదిలోనికి పోవునపుడు వెంటబడి ప్రతి మేకు చరిత్రను చెప్పవలదు. వాకిటి బల్లపై కూర్చుండి, వారిని తిరుగనిండు. భార్యాభర్తలు వంటింటిలో నిలిచి మెల్లగా మాటలాడుకొనునట్లు వదలివేయుట అమ్మువానికి లాభము. అడిగినదానికి జవాబు చెప్పుడు. తెలియనిది అడిగినచో తెలిసికొని చెప్పెదనని, చెప్పిన దినమునకు చెప్పుడు.

ఇప్పుడు పత్రములు. ఇల్లు ఎంత ముస్తాబైనను పెట్టెలోని కాగితములు చెదలు తిన్నచో అమ్మకము కాదు. నూఱు రూపాయలకు మించిన స్థిరాస్తి రిజిస్టరు పత్రము లేక చేయి మాఱదు. మీరు కొన్న దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, ఋణభార పత్రము, ఇల్లు కట్టుటకు నాడు పంచాయతి యిచ్చిన యనుమతి, ఇంటిపన్ను, నీటిపన్ను, కరెంటు రసీదులు అన్నియు ఒక సంచిలో కాలక్రమమున పెట్టుడు. పన్ను బాకీలు అమ్మిన దినమువఱకు తీర్పవలసినవాడు అమ్మువాడే యని పైన చెప్పిన 55వ ప్రకరణమే యనుచున్నది.

ఇందులో మనవారు పొరబడు చోట్లు మూడు. ఇంటిపన్ను రసీదు హక్కుపత్రమని తలచుట మొదటిది. అది మీరు పన్ను కట్టితిరని మాత్రము చెప్పును. గ్రామకంఠములోని పాత ఇండ్లకు తాతనాటి దస్తావేజు ఉండదు. అట్టివారు వంశవృక్షమును, వారసుల పత్రమును, పాత పంచాయతి నకళ్ళను ముందే సమకూర్చుకొనవలెను. రెండవది, ముక్తారునామా మీద కొన్న స్థలములు. ముక్తారునామాతో చేసిన అమ్మకమువలన యాజమాన్యము రాదని 2011లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అట్టిదానిపై ఇల్లు కట్టియున్నవారు, కొనువాడు వచ్చిన తరువాత కాదు, ముందుగానే న్యాయవాదిని చూడవలెను. అనుమతి లేని లేఅవుట్లలో కొన్నవారి చిక్కును కూడ ఇందులోనే చేర్పవచ్చును. 2020లో ప్రభుత్వము వానిని క్రమబద్ధము చేయుటకు దరఖాస్తులు పిలువగా 1,000 రూపాయలు కట్టి, ఆ రసీదును దేవుని పటము వెనుక పెట్టి, అంతటితో మఱచినవారు లేకపోలేదు. ఆ దరఖాస్తు ఏమైనదో తెలిసికొనుడు.

మూడవది ఆడబిడ్డల సంతకము. దీనిపై నేను కొంచెము గట్టిగా చెప్పెదను. తండ్రి వీలునామా వ్రాయక పోయినచో ఆయన స్వార్జితమైన యింటిలో కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము 1956 నుండియే కలదు. పిత్రార్జితములో సమభాగము 2005లో దేశమంతటను వచ్చినది. "కట్నమిచ్చి పంపితిమి గదా" అనుట చట్టము ముందు చెల్లదు. అమ్మకము కుదిరి, కొనువాడు బ్యాంకు ఋణము తెచ్చుకొని, రిజిస్ట్రీ నాటికి చెల్లెలి సంతకము లేదని ఆగిపోయినచో నష్టపడువాడు అన్నయే. ఇల్లు అమ్మవలెనని తలచిన దినముననే ఆమెను పిలిచి, కూర్చుండబెట్టి, ఆమె భాగము మాట తేల్చుడు. గోడకు సున్నము కొట్టించుట దాని తరువాత.

వెల నిర్ణయించునపుడు మనకు ఆ యింటిపై గల మమకారమునకు కొనువాడు సొమ్ము ఇయ్యడు. మీ వీధిలో ఈ యేడాది నిజముగా రిజిస్టరయిన అమ్మకములను విచారింపుడు. అడిగిన వెలలు కాదు, ఇచ్చిన వెలలు. కొనువానిపై వేఱు భారము కూడ కలదు. 2021 జూలైలో తెలంగాణములో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను రుసుములు కలసి నూటికి ఏడున్నర రూపాయలు చేసిరి. ఏబది లక్షల యింటికి అది 3,75,000 రూపాయలు. అతడు బేరమాడుటలో ఆ లెక్కయు నుండును. బయానా పుచ్చుకొనునపుడు కాగితము వ్రాసికొనుడు: మొత్తమెంత, గడువెంత, గడువు తప్పినచో ఏమి. 20,000 రూపాయలు మొదలు ఆపై సొమ్మును నగదుగా పుచ్చుకొనుట 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టముచే నిషిద్ధము. ఎంత పుచ్చుకొన్నచో అంత జుల్మానా పడును. కావున బ్యాంకు ద్వారానే పుచ్చుకొనుడు. దళారి రుసుము ఎవరెంత ఇయ్యవలెనో ఇల్లు చూపకమునుపే తేల్చుకొనుడు.

రిజిస్ట్రీ ముగిసిన తరువాత తాళములు ఇచ్చు దినమున చేయవలసిన పని ఒకటి మిగులును. కరెంటు మీటరు అంకెను ఇరువురు చూచి వ్రాసికొనవలెను; మీటరు, నల్లా, ఇంటిపన్ను మూడును క్రొత్త యజమాని పేరునకు మార్చు దరఖాస్తులపై సంతకములు చేయవలెను. ఆ పిమ్మట అతనిని వెంటబెట్టుకొని యిల్లంతయు ఒకమాఱు తిరుగుడు. సంపునుండి పైతొట్టికి పోవు గొట్టము ఏ గోడలో నున్నదో, నీరు కట్టు వాల్వు ఎక్కడ నున్నదో, స్నానాలగది మురుగు ఏ రాతి క్రిందుగా వీధి మోరీలో కలియునో, వానకాలములో ఏ కిటికీ రెక్క ఉబ్బునో చూపుడు. పెరటిలోని తులసికోటను మీరు తీసికొనిపోవునదైనచో ముందే చెప్పియుండవలెను. విడిచిపోవునదైనచో దానికి నీరు పోయు వేళ చెప్పి, చెంబును దాని ప్రక్కననే వదలిరండు.